మన నల్గొండ నీళ్లల్ల ఎర్ర రొయ్యలు

అందరికి నమస్తే. ఆదివారం పొద్దుగాల ఇంతమంది వస్తరని అనుకోలే, మస్తు సంతోషమయితుంది. మాట్లాడేకంటే ముందు ఈ సీసా మీ చేతులల్లకి ఇస్తున్న, ముందు వరుసల కూసున్న పిల్లలు మంచిగ చూసి వెనకకి పంపుండ్రి. ఊపకుండ్రి, మూత తియ్యకుండ్రి, ఆ ఎండ పడే కిటికీ కాడ మాత్రం పెట్టకుండ్రి. అండ్ల ఆరు రొయ్యలున్నయి, జర నాచు ఉంది. నాచు మీద ఎర్రగ మిరపగింజంత కనపడుతున్నయి చూడుండ్రి, అవే. ఒకదాని కడుపు కింద పసుపుపచ్చగ గుత్తి లెక్క ఉంటది, అవి గుడ్లు. దాని సంగతి తర్వాత చెప్త.

వీటిని చెర్రీ రొయ్యలంటరు, శాస్త్రం పేరు నియోకారిడినా డేవిడి. తైవాన్, చైనా దిక్కు వాగులల్ల, చెరువులల్ల ఉండే జాతి. అసలు రంగు ఎరుపు కాదు, అడివిల ఉండేది మట్టిరంగు, ఇంకా చెప్పాలంటే అద్దం లెక్క అవతలికి కనపడేది. జర ఎర్రగ పుట్టినవాటిని ఏరి ఏరి తరాలకు తరాలు పెంచుకుంట పోతే ఈ రంగు నిలబడ్డది. ఎంత పెరిగినా రెండున్నర మూడు సెంటీమీటర్లే, ఏడాది రెండేండ్లు బతుకుతయి. తినేటివి కావు. మొన్న ఒక పెద్దాయన ఇంటికొచ్చి చూసి, కిలో కావాలంటే ఎన్ని తొట్లు పెట్టాలె అని అడిగిండు. ఆయన అడిగిందాంట్ల తప్పేం లేదు, మనకు రొయ్య అంటే కూరనే యాదికొస్తది కదా.

మన చెరువులల్ల సర్కారు తరఫున చేపపిల్లలతోపాటు రొయ్యపిల్లలు కూడ వదులుతున్నరు, మీల చానమంది చూసే ఉంటరు. అది నీలకంఠ రొయ్య, స్కాంపి అంటరు, పొడుగు నీలిరంగు చేతులుంటయి. అది మంచినీళ్లల్లనే పెరుగుతది గాని దాని పిల్లలు బతకాలంటే ఉప్పు కలిసిన నీళ్లు కావాలె. ఈ సంగతి 1960ల మొదట్ల మలేసియాల షావ్ వెన్ లింగ్ అనే శాస్త్రవేత్త కనుక్కున్నడు, అంతకుముందు పిల్లలెందుకు చస్తున్నయో ఎవ్వరికి అర్థం కాలే. అందుకే మన చెరువుల వదిలిన స్కాంపి పెరుగుతది గాని సంతతి పెట్టదు, ఏటేటా మల్ల తెచ్చి వదలాల్సిందే. అక్వేరియంల పాసి తింటదని పేరున్న అమానో రొయ్య కూడ గదే కథ, పిల్లలకు ఉప్పునీళ్లు గావాలె. దాన్ని 1980లల్ల జపాన్ ఆయన తకాషి అమానో అందరికి అలవాటు చేసిండు, ఆయన పేరే దానికొచ్చింది. మన చెర్రీ రొయ్య అట్ల కాదు. గుడ్డుల నుంచి నేరుగ బుల్లి రొయ్యనే బయటికొస్తది, తల్లి లెక్కనే ఉంటది, రెండు మిల్లీమీటర్లుంటది. సముద్రం అక్కర్లే, మీ ఇంట్ల గాజుతొట్టి సాలు. కొత్తగ మొదలుపెట్టేటోళ్లకి ఇదే పెంచుండ్రని నేను చెప్పేది అందుకే.

ఇగ అసలు మాటకొస్త. నన్ను ఎవరైన సార్ రొయ్యలు ఎట్ల పెంచాలె అనడిగితే, ముందుగాల నీళ్ల గురించి మాట్లాడదాం అంట. నేను మర్రిగూడెం దిక్కు ఊర్లె పుట్టిన. మా ఇంట్ల పెద్దోళ్ల పండ్లు గోధుమరంగు చారలతోని ఉండేవి, మా తాత నడుము వంగింది వయసుతోని కాదు, బోరు నీళ్లతోని. ఫ్లోరైడ్ అనే మాట మేము బడికి పోకముందే నేర్చుకున్నం. నీళ్లల్ల ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్ల ఉన్న నీరి సంస్థోళ్లు మన జిల్లా పేరే పెట్టిన్రు, నల్గొండ టెక్నిక్ అని, పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి చేసేది. అసుంటి జిల్లాల ఉన్నం మనం. గ్లాసుల నీళ్లు తేటగ కనపడుతున్నయని అవి మంచియని నమ్మే అలవాటు మనకు లేదు, ఉండొద్దు కూడ. మనిషికి ఆ నీళ్ల దెబ్బ ఇరవై ఏండ్లకు తెలుస్తది. రొయ్యకు వారంల తెలుస్తది. దాని ఒళ్లంత నీళ్లతోనే కట్టుకుంటది, పైన పెంకుకు కావాల్సిన సున్నం నీళ్లల్లకెళ్లి తీసుకుంటది.

మన టౌన్ల ఏ ఇంట్ల చూసినా మూడు రకాల నీళ్లుంటయి. బోరు నీళ్లు, నల్లా నీళ్లు, క్యాన్ నీళ్లు. మూడిట్ల ఏది మంచిది అంటే, ఉన్నది ఉన్నట్టు పోసేది ఏ ఒక్కటి కాదు అంట నేను. బోరు నీళ్లు గట్టి నీళ్లు, మీ బకిట్ అంచుకు తెల్లగ పేరుకుపోతది కదా, గీజర్ కాయిల్ నాశనమయితది కదా, అదంత సున్నం, ఉప్పులు. లీటరు నీళ్లల్ల మొత్తం ఎన్ని మిల్లీగ్రాములు కరిగినయో చెప్పేది టీడీఎస్ మీటరు, మా ఇంటి బోరు నీళ్లకు అది 780 చూపిచ్చింది. చెర్రీ రొయ్యకు 150 నుంచి 300 మధ్యల ఉంటే హాయిగ ఉంటది. క్యాన్ నీళ్లు 40 ఉన్నయి. అవి మనకు తాగనీకి తియ్యగుంటయి గాని అండ్ల ఖనిజాలు ఏం మిగలయి, అవి ఒక్కటే పోస్తే రొయ్యకు పెంకు గట్టిపడనీకి ఏం దొరకదు. నల్లాల వచ్చే కృష్ణా నీళ్లు రెండిటికి మధ్యల ఉంటయి, మన రొయ్యకు బాగనే సరిపోతయి, గాని క్లోరిన్ ఉంటది. వెడల్పు టబ్బుల పోసి ఎయిర్ రాయి పెట్టి ఒక రోజంత ఉంచితే క్లోరిన్ పోతది, తొందరుంటే సోడియం థయోసల్ఫేట్ గింజలు అక్వేరియం షాపులల్ల దొరుకుతయి, కొలత ప్రకారం వేసుకోవాలె.

నేను చేసేది చెప్త, మీ ఇంట్ల లెక్క మీరు చేసుకోవాలె. ఒక బకిట్ బోరు నీళ్లకు మూడు బకిట్లు క్యాన్ నీళ్లు. 780కి మూడు నలభైలు కలిపితే 900, నాలుగుతోని భాగిస్తే 225. ఫ్లోరైడ్ కూడ దాదాపు నాలుగో వంతుకు తగ్గుతది. ఇది ఎనిమిదో తరగతి లెక్క, పిల్లలు కూడ చెయ్యొచ్చు, మీటరు ఒకటి కొనుక్కుంటే సాలు. ఒక మాట మాత్రం యాదికుంచుకోండ్రి. టీడీఎస్ మీటరు మొత్తం ఎంత కరిగిందో చెప్తది, అండ్ల సున్నమెంత, ఉప్పెంత, ఫ్లోరైడెంత అనేది చెప్పదు. సున్నం సంగతి తెలవాలంటే జీహెచ్ (కాల్షియం, మెగ్నీషియం ఎంతుందో చెప్పేది), కేహెచ్ (కార్బొనేట్లు ఎంతున్నయో చెప్పేది) టెస్ట్ చుక్కలు వేరేగ దొరుకుతయి, జీహెచ్ 6 నుంచి 12 మధ్యల ఉంటే మంచిది. ఇంట్ల సాఫ్ట్‌నర్ మిషన్ ఉన్నోళ్లు ఆ నీళ్లు పొయ్యకుండ్రి, అది సున్నం తీసేసి దాని జాగల సోడియం పెడ్తది, మీటర్ల అంకె అట్లనే ఉంటది, రొయ్యకు కావాల్సింది మాత్రం ఉండదు.

నా మొదటి ఇరవై రొయ్యలు నాలుగు రోజులల్ల సచ్చిపోయినయి. హైదరాబాద్ల కొని, బస్సుల ఒళ్లె పెట్టుకుని తెచ్చిన. అదే రోజు తొట్టి కడిగి, అదే రోజు క్యాన్ నీళ్లు పోసి, అదే సాయంత్రం వదిలిన. మొదటి రోజు ఎగురుకుంట తిరిగినయి, రెండో రోజు మూలకు పోయినయి, ఆఖరికి గులాబి రంగుకు మారి అడుగున పడి ఉన్నయి. చాన బాధపడ్డ. తర్వాత చదివినంక తెలిసింది, తొట్టికి కూడ పండుడు ఉంటదని. రొయ్య పెంట, మిగిలిన తిండి కుళ్లితే అమ్మోనియా వస్తది, అది విషం. ఒక రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్ చేస్తది, అది కూడ విషమే, ఇంకో రకం బ్యాక్టీరియా దాన్ని నైట్రేట్ చేస్తది, అది జర తక్కువుంటే పరవాలేదు, మొక్కలు కూడ పీల్చుకుంటయి. ఈ బ్యాక్టీరియా కొత్త తొట్టిల ఉండదు, అది స్పాంజ్ల, ఇసుకల, రాళ్ల మీద మెల్లగ ఇల్లు కట్టుకోవాలె, నాలుగు నుంచి ఆరు వారాలు పడ్తది. ఆ ఆరు వారాలు తొట్టిల నీళ్లు, నాచు, ఫిల్టరు మాత్రమే ఉంటయి, చూసినోళ్లంత ఖాళీ తొట్టి ఎందుకు నడుపుతున్నవ్ అంటరు. అననియ్యుండ్రి. తొందరున్నోళ్లు పాత తొట్టి ఉన్న దోస్తు దగ్గర వాడిన స్పాంజ్ ముక్క అడుక్కోండ్రి, సగం పని అయిపోతది.

తొట్టి సంగతి పెద్దగ చెప్పేది లేదు. 30, 40 లీటర్లుంటే మంచిది, చిన్న గిన్నెలల్ల, పూలకుండీలల్ల మొదలుపెట్టకుండ్రి, నీళ్లు తక్కువున్నకొద్ది తప్పు చేస్తే సర్దుకునే టైం ఉండదు. ఎయిర్ పంపుతోని నడిచే స్పాంజ్ ఫిల్టరు పెట్టుండ్రి, మోటర్ ఫిల్టరు అయితే పిల్లల్ని లోపలికి గుంజుకుంటది. జావా నాచు వెయ్యుండ్రి. చెరువుల నాచు తెచ్చి వేస్తం సార్ అంటరు, తేవొచ్చు గాని దాంతోపాటు తూనీగ పిల్లలు వస్తయి, అవి నీళ్లల్లనే పెరుగుతయి, రొయ్యల్ని ఒక్కొక్కటి పట్టుకుని తింటయి. వేరే బకిట్ల రెండు మూడు వారాలు పెట్టి, రోజూ చూసి, అప్పుడు వెయ్యుండ్రి.

ఎండకాలం గురించి జర నిలబడి చెప్పాలె, ఎందుకంటే మన దగ్గర చానమంది ఇక్కడనే ఓడిపోతున్నరు. చెర్రీ రొయ్యకు 20 నుంచి 26 డిగ్రీలు బాగుంటది, 28 దాకా ఓర్చుకుంటది, 30 దాటితే కష్టం. మనకు మే నెలల బయట 44, 45 ఉంటది, స్లాబ్ కింద పై అంతస్తుల ఇంట్ల నీళ్లు 33, 34కు పోతయి. వేడి నీళ్లల్ల గాలి తక్కువ కరుగుతది, 20 డిగ్రీల దగ్గర లీటరుకు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పడ్తే 30 దగ్గర ఏడున్నరనే పడ్తది, గదే టైంల రొయ్యకు ఆక్సిజన్ ఎక్కువ కావాల్సొస్తది. ఏసీ లేకపోతే పెంచొద్దా అని అడుగుతరు. మనింట్ల రంజన్ల నీళ్లు ఎందుకు సల్లగయితయి? కుండకెళ్లి నీళ్లు చెమ్మగ బయటికొచ్చి ఆవిరయితయి, ఆవిరయ్యేటప్పుడు వేడిని గుంజుకపోతయి. తొట్టికి గదే పని ఒక చిన్న ఫ్యాన్ చేస్తది. మూత తీసి, నీళ్ల మీదికి ఏటవాలుగ గాలి తగిలేటట్టు పెడితే రెండు నుంచి నాలుగు డిగ్రీలు తగ్గుతది. మన ఎండకాలం పొడిగ ఉంటది కాబట్టి ఇది ఇంకా మంచిగ పనిచేస్తది, వానకాలం ఉక్కల అంత చెయ్యదు. తొట్టిని కింది అంతస్తుల, పడమటి గోడకు దూరంగ పెట్టుండ్రి, వెనకకి థర్మాకోల్ పెట్టుండ్రి. ఐసు గడ్డలు నీళ్లల్ల వెయ్యకుండ్రి, ఒక్కసారిగ ఐదు డిగ్రీలు పడిపోతే ఎండ కంటే అదే ఎక్కువ చంపుతది. కరెంటు పోతది కాబట్టి బ్యాటరీ ఎయిర్ పంపు ఒకటి ఇంట్ల ఉండాలె.

ఫ్యాన్ పెట్టినంక రోజుకు ఒక లోటా రెండు లోటాల నీళ్లు ఆవిరయితయి. ఆవిరయ్యేది ఒట్టి నీళ్లే, ఉప్పులన్ని తొట్టిలనే మిగులుతయి. తగ్గిన నీళ్ల జాగల మల్ల బోరు నీళ్లు పోస్తే ఉప్పు మీద ఉప్పు పేరుకుంటది, నెల తిరిగేవరకు 225 ఉన్నది చాన పెరిగిపోతది. అందుకని తగ్గిన మందం నింపనీకి ఒట్టి క్యాన్ నీళ్లు, వారానికోసారి పదో వంతు మార్చేటప్పుడు మాత్రం కలిపిన నీళ్లు. ఈ రెండిటికి తేడా తెలిసినోళ్ల రొయ్యలు జూన్ల కూడ ఉంటయి.

ఇంకోటి చెప్పాలె, ఇది పల్లెలకెళ్లి వచ్చినోళ్లు జర గట్టిగ వినాలె. రొయ్య పురుగుకు చుట్టం. రెండిటికి ఒళ్లు మీద పెంకు, రెండిటికి కీళ్ల కాళ్లు, రెండు కుబుసం విడుస్తయి. కాబట్టి పురుగును చంపే మందులల్ల చానవరకు రొయ్యను కూడ చంపుతయి, అది కూడ చాన తక్కువ మోతాదుల చంపుతయి. పత్తి చేన్ల మందు కొట్టి వచ్చి, చెయ్యి కడుక్కున్నం కదా అని తొట్టిల చెయ్యి పెట్టకుండ్రి. దోమల మిషన్ తొట్టి ఉన్న అర్రల పెట్టకుండ్రి, స్ప్రే కొట్టకుండ్రి, ఎయిర్ పంపు అర్రల ఉన్న గాలినే గుంజి నీళ్లల్లకి పంపుతది కదా. వేప ఆకు మంచిదని, అన్ని రోగాలకు పనిచేస్తదని వేసినోళ్లున్నరు. వేపల అజాడిరాక్టిన్ అని ఉంటది, పురుగు కుబుసం విడవకుండ అడ్డుపడేది అదే, వేపనూనె చేన్ల కొట్టేది అందుకే కదా, అది రొయ్య తొట్టిల ఎందుకు వెయ్యాలె? నాకు ఒకసారి పాలకూరతోని దెబ్బ తగిలింది. మార్కెట్ల కొన్న కట్ట, కడిగి ఉడకబెట్టి రెండు ఆకులు వేసిన, తెల్లారేవరకు నలభై దాకా సచ్చినయి. అప్పటిసంది డాబా మీద కుండీల నేనే పెంచుకున్న పాలకూర తప్ప వేరేది వెయ్యను. చేపల రోగాల మందులల్ల రాగి ఉంటే అది కూడ వద్దు. రొయ్య రక్తంల రాగి ఉంటది, మన రక్తంల ఇనుము చేసే పని అక్కడ రాగి చేస్తది, అయినా నీళ్లల్ల కరిగిన రాగి దానికి విషమే.

తిండి అంటరా, తక్కువ పెట్టుడే తిండి పెట్టుడు. రొయ్య రోజంత చేతులతోని గీకి నోట్లె పెట్టుకుంట ఉంటది చూడుండ్రి, అది తినేది రాళ్ల మీద, నాచు మీద పట్టే పాకుడు. మెట్లబావుల కాలు జారుతది చూడు, ఆ జారేది. ఆ పాకుడు మంచిగ పట్టాలంటే ఎండిన బాదం ఆకు వెయ్యుండ్రి, మన వీధులల్ల గొడుగు లెక్క ఉంటది కదా ఆ బాదం చెట్టు, దానంతట అదే రాలిన ఎర్ర ఆకు ఏరి, కడిగి, ఒక్కటి వేస్తే నీళ్లు టీ రంగుకు వస్తయి, నెలదాక దాని ఈనెలు మిగిలేదాక తింటయి. పైసా ఖర్చు లేదు. రోడ్డు పక్కది వద్దు, మందు కొట్టని పెరటిదయితే మంచిది. వారానికి రెండు సార్లు బీరకాయ చక్రం ఉడకబెట్టి వెయ్యొచ్చు, రెండు మూడు గంటలకు మిగిలింది తియ్యాలె.

ఆ సీసా ఎక్కడిదాక వచ్చింది? సరే. ఇప్పుడు గుడ్ల సంగతి. ఆడది కుబుసం విడిచిన గంటలల్ల మెత్తగ ఉంటది, ఆ వాసనకు మగయన్ని తొట్టంత ఉరుకుతయి, కొత్తోళ్లు చూసి నీళ్లు పాడైనయేమో అని భయపడ్తరు. తర్వాత గుడ్లను కడుపు కింద పెట్టుకుని, చిన్న కాళ్లతోని ఆగకుండ ఊపుతనే ఉంటది, వాటికి గాలి అందాలె, పాసి పట్టొద్దు. ఇరవై ముప్పై గుడ్లుంటయి, మూడు నాలుగు వారాలు మోస్తది. మా ఇంట్ల నా బిడ్డ రోజూ బడికి పొయ్యే ముందు వచ్చి ఊపుతుందా లేదా చూసి పోతది. కుబుసం తొట్టిల పడి ఉంటే సచ్చిందనుకుని తియ్యకుండ్రి, తెల్లగ, లోపల ఖాళీగ ఉంటే అది కుబుసమే, అండ్లున్న సున్నం కోసం మల్ల అవే తింటయి.

(సభల నుంచి ఒక తమ్ముడు: సార్, గప్పీలతోని కలిపి పెంచొచ్చా?)

పెద్ద రొయ్యల్ని ఏమనయి తమ్మి, పిల్లల్ని మాత్రం తింటయి. నోట్లె పట్టే ఏదైనా చేపకు తిండే. సంతతి కావాలంటే రొయ్యలకు వేరే తొట్టి పెట్టు. నాచు దట్టంగ ఉంటే కొన్ని దాక్కుని బతుకుతయి, అది మన చేతుల లేని ముచ్చట.

(ఒక అక్క: ఎర్రయి, నీలంయి కలిపి పెడితే అందంగ ఉంటది కదా సార్?)

ఉంటది అక్క, ఒక తరం దాక. అవన్ని ఒకటే జాతి, కలిసి పిల్లలు పెడ్తయి, రెండు మూడు తరాలకు మల్ల ఆ మట్టిరంగే వస్తది. తప్పు కాదు, ఆరోగ్యంగనే ఉంటయి, గాని రంగు కావాలంటే ఒక తొట్టికి ఒకటే రంగు.

(వెనక నుంచి: ఎక్కువయితే పానగల్లు ఉదయసముద్రంల వదలొచ్చా సార్?)

వద్దు. ఈ ఒక్క మాట మీద నేను గట్టిగ ఉంట. అక్వేరియంల అద్దం నాకుతదని కొన్న సక్కర్ చేప పెద్దగయినంక జనం కాలువలల్ల వదిలిన్రు, ఇయ్యాల అది చెరువులల్ల నిండిపోయి, వలలు చింపి, మన చేపలు పట్టేటోళ్ల పొట్ట కొడ్తుంది, దెయ్యం చేప అని పేరు పెట్టిన్రు. పానగల్లు చెరువు ఎన్ని వందల ఏండ్ల సంది ఉన్నదో మీకు తెలుసు, దాంట్ల మన చిన్న రొయ్యలు మనకున్నయి, వాటి బతుకు వాటిది. ఎక్కువయితే దోస్తులకియ్యుండ్రి, బడిల తొట్టి పెట్టుండ్రి, నాకియ్యుండ్రి, నేను తీసుకుంట. తొట్టి నీళ్లు కూడ కాలువల పొయ్యకుండ్రి, పూలకుండీలల్ల పొయ్యుండ్రి.

ఇయ్యాల తొట్టి పండించుకుని వచ్చినోళ్లు నలుగురున్నరు, వాళ్లకి తలా పది ఇస్తున్న. ఇంటికి పోంగనే ఒంపకుండ్రి. సంచిల నీళ్లతోని సహా గిన్నెల పోసి, సన్న ఎయిర్ పైపు ముడేసి, మీ తొట్టి నీళ్లు చుక్క చుక్క గిన్నెల పడనియ్యుండ్రి, సెకనుకు ఒకటి రెండు చుక్కలు, గంట గంటన్నర. నీళ్లు మూడింతలయినంక వలతోని రొయ్యల్ని మాత్రం తీసి వదలాలె, సంచి నీళ్లు తొట్టిల పడొద్దు. ఆ రోజు తిండి పెట్టకుండ్రి, లైటు వెయ్యకుండ్రి. రెండు రోజులు కనపడకపోయినా నాచు ఎత్తి వెతకకుండ్రి, అవి ఉంటయి.

ఆ సీసా ఇటు పంపుండ్రమ్మ, పదకొండు కావస్తుంది, గుడ్ల రొయ్య ఉంది అండ్ల, నీళ్లు వేడెక్కకముందే ఇంటికి తీస్కపోవాలె.